గొంతు ఆగిన దిక్కు

611

ఉదయం సౌర పలకల మీది ఇసుక ఊడ్చాను. ఉత్తరం వరసలో రెండు పలకలు పూర్తిగా పూడిపోయాయి. వాటికి చీపురు చాలక పార తీసుకెళ్ళాను. బోరు బాగానే పోస్తోంది. చెట్ల కట్టకు నీళ్ళు వదిలాను. కొన్ని మొక్కలు ఎండాయి, మిగతావి పచ్చగానే ఉన్నాయి. గాలి పడమటి నుంచి వీస్తోంది.

మమ్మల్ని ఇక్కడ కాపలా పెట్టిన మండలివాళ్ళు, ఈ చిట్టా పుస్తకం మొదలైన నాటి నుంచి ఎన్నో రోజో అంకె వేసి ఇంతవరకే రాయమంటారు. దీన్ని ఎవరూ చదవరని తెలిశాక నేను మిగతావి కూడా రాయడం మొదలుపెట్టాను.

పొద్దు వాలాక హంపక్కతో మాట్లాడాను. ఎండిన హగరి ఏటి ఇసుకకు అవతల పడమటి కేంద్రాన్ని ఆమె చూసుకుంటుంది. ఇవతల గుట్ట కేంద్రాన్ని నేను చూసుకుంటాను. ఇసుక తూర్పు ఊళ్ళ మీదికి జరగకుండా రెండు వైపులా చెట్లు పెంచడం, వాటికి నీళ్ళు పోయడం మా పని. మధ్యలో ఒకప్పుడు పల్లెలూ తారు రోడ్డూ ఉండేవట. నేను వచ్చేనాటికే అవన్నీ ఇసుక కిందికి పోయాయి. తొమ్మిదేళ్ళుగా రోజూ సాయంత్రం రేడియోలో మాట్లాడుకుంటున్నాం. ఆమె ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు. అరవై దాటిన మనిషి అని, గొంతు గరగరలాడుతుందని మాత్రమే తెలుసు.

"సుంకన్నా, ఈ పొద్దు నీ బండి ఎంత పైకి లేసింది?" అని అడిగింది.

"లేయలేదక్కా. చక్రం అతికిస్తాండా."

"నాలుగేండ్ల నుంచి అతికిస్తానే ఉండావు గదప్పా."

బండి అంటే నా విమానం. వెదురు, గుడ్డ, జిగురు. మోటారూ బ్యాటరీలూ కట్ట దగ్గర కూలిపోయిన సరుకుల డ్రోన్లవి. ఇంతవరకూ గుట్ట చుట్టూ తిరిగి దిగడం తప్ప ఎక్కడికీ పోలేదు. ఎందుకు కట్టావని ఎవరైనా అడిగితే చెప్పలేను. పొద్దు వాలేదాకా చేతులకు ఏదో ఒక పని కావాలి.

నీళ్ళ లెక్క చెప్పమన్నాను. "నిన్నటిదే రాసుకో" అంది. నిన్న కూడా అదే మాట అంది.

613

ఈ సాయంత్రం లెక్కలయ్యాక ఏం వండుకున్నావని అడిగాను.

"వండల్యా. అటుకులు నమిల్నా."

"ఏంటికి? ఒంట్లో బాగల్యాదా?"

ముందు గాలి సంగతి ఎత్తింది. తర్వాత అంది, "నీల్లు సూసి వాడుకోవాల సుంకన్నా. పంపు నిలిచిపాయ."

పంపు నడిపే బోర్డు కాలిపోయిందట. మూత తీస్తే నల్లగా మాడి వాసనొచ్చిందట. ఎప్పుడని అడిగితే, మొన్న అంది. తొట్టిలో ఎంత ఉందంటే, సగముంది అంది. చెట్లకు పోయడం మానేసింది. గాలికాలం ఇప్పుడే మొదలైంది. గాలి పూర్తిగా ఆగితే తప్ప సరుకుల గాలిఓడ ఇటు రాదు. అంతవరకు సగం తొట్టితో ఒక మనిషి బతకడం కష్టం. మనిషి బతికినా చెట్లు బతకవు.

అలాంటి బోర్డు నా సామాన్ల గదిలో ఒకటి ఉంది. కొత్తది, సీలు కూడా తీయలేదు.

614

మండలికి కబురు పంపాను. పైన తిరిగే ఉపగ్రహాలు పడిపోయినప్పటి నుంచి కబురు రేడియో స్తంభం నుంచి స్తంభానికి పాకుతూ పోవాలి. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. గాలికాలంలో ఓడ పంపడం కుదరదు, పడమటి కేంద్రం కాపలాదారును నీళ్ళు పొదుపుగా వాడుకోమని చెప్పండి అని ఉంది.

చెప్పాను. ఆమె నవ్వింది. "వాళ్ళకి బాగనే తెలుసు నా సంగతి" అంది.

615

వెళ్దామనుకుంటున్నాను.

దూరం సమస్య కాదు. బ్యాటరీలు నిండుగా ఉంటే పోగలను. అక్కడి పలకల మీద మళ్ళీ నింపుకుని రాగలను. దిక్కు తెలియడమే సమస్య. ఇసుక లేచినప్పుడు సూర్యుడు ఒక తెల్ల మరకలా కనిపిస్తాడు, కింద ఏ దిబ్బ చూసినా ఒకేలా ఉంటుంది. దక్షిణాన ఉన్న ఇనుప గుట్టల వల్ల దిక్సూచి ముల్లు నిలకడగా ఉండదు. దారి చెప్పగలిగింది ఒక్క రేడియోనే. చట్రానికి రాగి తీగ చుట్టి ఏరియల్‌గా పెడితే, ఆ చట్రం ఎటు తిరిగిందన్న దాన్ని బట్టి వినపడే గొంతు పెరుగుతుంది, తగ్గుతుంది. మాట్లాడే మనిషి వైపు సూటిగా తిరిగినప్పుడు గొంతు పూర్తిగా ఆగిపోతుంది. ఎక్కడ ఆగిపోతుందో అదే ఆమె ఉన్న దిక్కు.

అంటే నేను గాల్లో ఉన్నంతసేపూ హంపక్క మాట్లాడుతూనే ఉండాలి.

"వద్దు" అంది. "చక్రమే నిలవని బండి. ఇసకలో పడితే ఎవురు తీస్తారు నిన్ను?"

"నువ్వు మాట్లాడతావా లేదా చెప్పక్కా."

"ఏం మాట్లాడేది అంతసేపు? నాకాడ అన్ని మాటలు ల్యావు."

616

చట్రాన్ని నా సీటుకు ముందు బిగించాను. సాయంత్రం హంపక్కను మాట్లాడమని చెప్పి, విమానాన్ని తోకపట్టి గుండ్రంగా తిప్పాను. పడమటికి తిరగ్గానే గొంతు సన్నబడి మాయమైంది. చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. చూసేవాళ్ళు ఎవరూ లేరు.

తర్వాత విమానం మెయిన్ స్విచ్ వేశాను. రేడియోలో ఈల మొదలైంది, చెవిలో సూది గుచ్చినట్లు. మోటారు కూడా తిప్పాను. ఈల మీద రంపపు కోత. ఆ మోతలో గొంతు ఎక్కడ ఆగుతుందో కనుక్కోవడం అసాధ్యం. ఏ వైపు తిప్పినా ఆగిపోయినట్లే ఉంది.

గుట్ట చుట్టూ తిరిగినన్నాళ్ళూ నాకు రేడియోతో పని పడలేదు. అందుకే ఈ సంగతి ఇంతవరకు తెలియలేదు.

617

ఒక్కొక్కటే తీసి చూస్తున్నాను. ఇందులో వేరే తెలివి ఏమీ లేదు. ఒకటి ఆపాలి, వినాలి, మళ్ళీ వేసి ఇంకొకటి ఆపాలి.

ఈల దొరికింది. పెద్ద బ్యాటరీ కరెంటును తగ్గించి రేడియోకి ఇచ్చే చిన్న పెట్టె ఉంది, అదే దొంగ. దాన్ని పీకి పారేసి రేడియోకి విడిగా ఒక చిన్న బ్యాటరీ పెట్టాను. ఈల పోయింది. దాని వెనక పోపు చిటపటలాడినట్లు ఇంకో శబ్దం బయటపడింది. చేతి రేడియో పట్టుకుని విమానం పొడవునా వంగి నడిచాను. ఎడమ రెక్క చివర చిటపట ఎక్కువైంది. అక్కడ మిణుకుమనే దీపం ఉంది. నన్ను ఎవరు చూడాలని ఆ దీపం పెట్టుకున్నానో! కోసేశాను.

గాలి పెరిగింది. మధ్యాహ్నం తలుపు సందుల్లో గోనెసంచులు కుక్కాను.

హంపక్క ఈ రోజు తక్కువ మాట్లాడింది. తొట్టి సంగతి అడిగితే ఇంకా సగముందంది. నిన్నా సగమే, మొన్నా సగమే.

619

మోటారుతో కుస్తీ. బ్యాటరీ నుంచి మోటారుకు పోయే రెండు తీగలు రెండు దారుల్లో పోతున్నాయి. వాటిని జడలా కలిపి అల్లాను. పాత కంప్యూటర్ వైర్ల చివర నల్లటి ఉబ్బు గుండ్లు ఉంటాయి, అవి పిచ్చి శబ్దాన్ని మింగుతాయి. చెత్త గదిలో దొరికినన్ని పగలగొట్టి తీసి తీగలకు ఎక్కించాను. వెదురు విమానంలో ఏరియల్‌కు కింద ఆనడానికి లోహం లేదని గుర్తొచ్చి, నా బియ్యపు డబ్బా కోసి రేకు పరిచాను. బియ్యం ఇప్పుడు బిందెలో ఉంది.

రంపం సగానికి తగ్గింది. ఇంకా ఉంది.

మధ్యాహ్నం ఒక వింత జరిగింది. విమానంలో అన్నీ ఆపేశాను, బ్యాటరీలు కూడా విప్పేశాను. అయినా సన్నటి గరగర వస్తూనే ఉంది. ఎక్కడి నుంచో అర్థం కాలేదు. చేతి రేడియో పట్టుకుని నడిస్తే ఆ గరగర నన్ను విమానం దగ్గర్నుంచి మా ఇంటి గోడ దాకా తీసుకుపోయింది. పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె గోడకు ఉంది. దానికి చెవి పెట్టి నిల్చున్నాను. నేను ఇక్కడికి వచ్చిన రోజు నుంచి అది నడుస్తూనే ఉంది.

సాయంత్రం దాన్ని ఆపేశాను. ఇంట్లో ఫ్యాను ఆగింది, దీపం ఆరింది. అప్పుడు రేడియో పెట్టి హంపక్కను పిలిచాను.

"ఆఁ, సుంకన్నా."

ఆమె గొంతులో గరగర లేదు. తొమ్మిదేళ్ళుగా ఆమె గొంతు అనుకున్నది మా గోడ మీది పెట్టె శబ్దం. అసలు గొంతు సన్నది, చిన్నది. మాటకీ మాటకీ మధ్య నాలుక అంగిలికి అతుక్కుని విడిపోతున్న చప్పుడు వినపడుతోంది. ఊపిరి వినపడుతోంది. పక్కనే నిలబడి మాట్లాడుతున్నట్లుంది.

"ఏమప్పా, పలకవు?"

"అక్కా, నీళ్ళు తాగినావా?"

"తాగినాలే."

"ఇప్పుడు తాగు. నేను ఉంటా."

ఆమె లేచి వెళ్ళింది. మాట్లాడేటప్పుడు నొక్కే మీట మీద ఏదో బరువు పెట్టి వెళ్ళినట్లుంది, అవతలి శబ్దాలన్నీ వినపడుతూనే ఉన్నాయి. మూత తీసిన చప్పుడు. తర్వాత చెంబు సిమెంటును గీరుకున్న చప్పుడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. సగం నిండిన తొట్టిలో చెంబుకు అడుగు తగలదు.

ఆమె తిరిగొచ్చి "తాగినా" అంది. నేనేమీ అడగలేదు. బియ్యపు డబ్బా కోసిన సంగతి చెప్పి మాట మార్చాను.

620

తెల్లవారగానే హంపక్కను మాట్లాడమని చెప్పి పరీక్షకు గాల్లోకి లేచాను. నేల మీద తగ్గిన రంపం గాల్లో మళ్ళీ పూర్తిగా వచ్చేసింది. పైకి లేవడానికి మోటారు లాగే కరెంటు ఎక్కువ, మోతా అంతే ఎక్కువ. విమానం ముక్కు ఏ వైపు తిప్పినా అదే రంపం. హంపక్క ఎక్కడుందో తెలియలేదు. దిగి, రెక్క కింద నీడలో కూర్చున్నాను. ఇంకా పెట్టడానికి గుండ్లు లేవు, కోయడానికి డబ్బాలు లేవు, మంచి తీగ లేదు. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

తర్వాత మళ్ళీ లేచాను. కోపంతో లేచానంతే. గుట్ట మీదికి వచ్చాక మోటారు కట్టేశాను.

గుడ్డ మీద గాలి జారే చప్పుడు తప్ప ఏమీ లేదు. విమానం మెల్లగా కిందికి జారుతోంది. చెవిలో హంపక్క, స్పష్టంగా, "... అది మా పెద్దమ్మ చెప్పేది, ఉగ్గానికి బొరుగులు శానాసేపు నానబెట్టగూడదని..." అంటోంది. ముక్కు కుడికి తిప్పాను, గొంతు తగ్గింది. ఇంకాస్త తిప్పాను, ఆగిపోయింది. మోటారు వేశాను, రంపం. ఆపాను, ఉగ్గాని.

పైకెక్కాలి, మోటారు ఆపాలి, వినాలి, తిప్పుకోవాలి, మళ్ళీ ఎక్కాలి. అలా పోవచ్చు. ఆపిన మోటారు ప్రతిసారీ మళ్ళీ తిరగాలి, అంతే.

రేపు పోతాను. బోర్డు గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకునేలా సంచి కుట్టాను. వెనక సీట్లో రెండు క్యాన్ల నీళ్ళు.

621

ఇది పడమటి కేంద్రంలో కూర్చుని రాస్తున్నాను.

లేచిన కాసేపటికే గుట్ట కనపడకుండా పోయింది. పైనా కిందా ఒకే రంగు, పాత గోనెసంచి రంగు. మోటారు నడుస్తున్నంతసేపూ రంపం. ఆపినప్పుడల్లా ఆమె మాటల్లో ఒక ముక్క దొరికేది.

"... అప్పుడు నాకు పదేండ్లుంటాయి. మా నాయన గొర్లను తోలుకోని..."

రంపం.

"... అందరూ నవ్విరి. నేను మటుకు నవ్వల్యా..."

రంపం.

"... ఎన్ని సార్లు చెప్పినా ఇనల్యా ఆ యప్ప. సరేలే అని నేనే..."

దారి తప్పినప్పుడే ఆమె వినపడుతోంది. సరిగ్గా ఆమె వైపు తిరగ్గానే ఆగిపోతోంది. ఆగిపోయిందంటే సంతోషించాలి, కానీ ఆ నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా భయం వేసింది. నిజంగానే ఆమె ఆగిపోయిందేమో అని కావాలనే ముక్కు కాస్త పక్కకు తిప్పి చూసుకున్నాను. "... ఆ రెండో బర్రె మటుకు శానా మంచిది..." అని వినపడగానే మళ్ళీ సరిచేసుకున్నాను.

ఇసుక మధ్యలో ఉండగా ఒకసారి మోటారు తిరగలేదు. స్విచ్ వేశాను, లేదు. మళ్ళీ వేశాను, లేదు. దిబ్బల అంచులు విడివిడిగా కనపడుతున్నాయి, మీద గాలి లాగిన గీతలు కూడా. ఆమె బర్రె సంగతే చెబుతోంది. దానికి తౌడంటే ఎంత ఇష్టమో. నాకు దాన్ని పూర్తిగా వినాలనిపించింది. ఇంకోసారి స్విచ్ వేశాను. తిరిగింది. బర్రె రంపంలో మునిగిపోయింది.

గొంతు అంతకంతకూ పెద్దదైంది. చివరికి రంపంలోంచి కూడా వినపడింది. గోనెసంచి రంగులో ఒక ఆకుపచ్చ గీత కనిపించింది. దాని పక్కన ఒక మనిషి దుప్పటి ఊపుతోంది. మరి రేడియోలో ఎవరు మాట్లాడుతున్నారు అనుకున్నాను. చేతి రేడియో చెంపకూ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఊపుతూనే మాట్లాడుతోంది.

దిగేటప్పుడు చక్రం వంగింది. విమానం ఒక పక్కకు ఒరిగి ఆగింది. నాకేం కాలేదు. ఒళ్ళో బోర్డుకూ ఏం కాలేదు.

హంపక్క నా భుజం దాకా కూడా రాదు. పెదాలు పగిలి నల్లగా ఉన్నాయి. దగ్గరికొచ్చి నన్ను కాకుండా విమానాన్ని చూసింది.

"ఇది ఎగిరిందా?" అంది.

నీళ్ళ క్యాను దించాను. ఆమె తొందరపడలేదు. చెంబు తెచ్చింది, కొంగుతో తుడిచింది, నింపి నాకు ఇచ్చింది.

"ముందు నువ్వు తాగక్కా."

"ఇంటికొచ్చినోడివి. నువ్వు తాగు."

ఒక గుక్క తాగి ఇచ్చాను. అప్పుడు తాగింది. నేను పక్కకు తిరిగి చెట్లను చూస్తూ నిలబడ్డాను. ఆమె చాలాసేపు తాగింది.

622

బోర్డు నిన్న సాయంత్రమే మార్చాను. పంపు మొదట ఇసుక కక్కింది, తర్వాత బురద, తర్వాత నీళ్ళు. హంపక్క కాలువ వెంట చెట్ల దాకా నడిచింది, నీళ్ళతో పాటు మెల్లగా. నేను వంగిన చక్రాన్ని సుత్తితో సరిచేశాను. రోజంతా బ్యాటరీలు ఆమె పలకల మీద నింపుకున్నాను.

చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఆమె ఎదురుగా ఉంటే నాకు మాట రాలేదు. ఆమెకూ రాలేదు. ఉప్పు కావాలా అంటే వద్దు, ఇంకోముద్ద పెట్టనా అంటే చాలు, అంతే. ఆమె చేతులు, ఆమె చెవి కమ్మలు, నడిచేటప్పుడు కాస్త ఎడమకు వాలడం, ఇవన్నీ నాకు తెలిసిన మనిషివి కావు. ఆమెకు నేనూ అంతే అయ్యుంటాను. ఒకసారి నా బట్టతల వైపు చూసి చప్పున తల తిప్పుకుంది.

పొద్దు వాలగానే ఇద్దరికీ కాలు నిలవలేదు. రోజూ మాట్లాడుకునే వేళ. ఆమె వెళ్ళి రేడియో ముందున్న స్టూలు మీద కూర్చుంది. నేనూ ఇంకో స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. రేడియో వేయలేదు. అవతల ఎవరున్నారని వేయాలి? ఇద్దరం దాని అద్దం వైపే చూస్తూ కూర్చున్నాం.

"గాలి ఎట్లుండాది నీ పక్క?" అంది ఆమె, రేడియోతో.

"పెరిగిందక్కా" అన్నాను నేనూ రేడియోతోనే.

ఆ తర్వాత మాటలు వచ్చాయి. భోజనం వేళ దాటేదాకా వచ్చాయి.

నాతో వచ్చేయమని అడిగాను. వెనక సీటు ఖాళీగానే ఉంది. ఇక్కడ ఒక్కదానివీ ఎందుకన్నాను.

"నేనొస్తే ఈ చెట్లకు ఎవురు పోస్తారు?" అంది. "నువ్వే ఉండిపోరాదా?"

నా చెట్లకు రెండు రోజులుగా నీళ్ళు లేవు. ఆ మాట నేను అనలేదు. ఆమెకు తెలుసు.

624

నిన్న ఉదయం బయల్దేరాను. గాలి ఇంకో రోజు ఆగనిచ్చేలా లేదు. ఈసారి గొంతు వెనకుండాలి. వెనకున్నా చట్రం అలాగే పని చేస్తుంది. ఆమెకు వీపు సూటిగా తిప్పినప్పుడు కూడా గొంతు ఆగిపోతుంది. పోనుపోను బలం తగ్గుతుంటే దారి సరిగ్గా ఉన్నట్లు.

"నువ్వు చేరినా అని చెప్పేదాకా మాట్లాడతానే ఉంటా" అంది హంపక్క. విమానం కదులుతుంటే రెక్క చివర పట్టుకుని కొన్ని అడుగులు పరిగెత్తింది.

ఎక్కడం, ఆపడం, వినడం. ఆపిన ప్రతిసారీ ఆమె ఇంకాస్త చిన్నగా ఉంది. ఈసారి కథలు చెప్పడం లేదు. కట్టలో చెట్లను వరసగా చెబుతోంది, ఏది ఎప్పుడు నాటింది, ఏది ఎండి మళ్ళీ చిగురించింది. మోటారు ప్రతిసారీ తిరిగింది. చివరికి దుమ్ములోంచి గుట్ట నల్లగా బయటికొచ్చింది. ఇక ఆమె గొంతుతో పని లేదు. అయినా మోటారు ఆపి, గొంతు వింటూనే దిగాను. చక్రం నిలిచింది.

మీట నొక్కి చేరానని చెప్పాలి. చెయ్యి మీట మీదే ఉంది. చెబితే ఆమె ఆపేస్తుంది, నేను ఇంట్లోకి పోయి ఫ్యాను వేసుకుంటాను. కాసేపు ఆగుదామనుకున్నాను. విమానంలోనే కూర్చున్నాను.

చెట్ల వరస అయిపోయింది. కాసేపు ఊపిరి మాత్రం వినపడింది. చాలా దూరం నుంచి, కానీ శుభ్రంగా.

"ఇంటాండావో లేదో" అంది. "మోటారు మోతలో ఉంటావులే. ఇప్పుడు చెప్తే ఎవురికీ వినపడదు."

మీట మీంచి చెయ్యి తీసేశాను.

"పంపు చెడింది మొన్న గాదప్పా. శానా దినాలాయ. నీకు చెప్పకూడదనే అనుకున్న్యా. తొట్టిలో నీల్లు ఐపోతే ఐపోనీలే అనుకున్న్యా. భయమేమీ ల్యా. పొద్దున్నే లేసి పలకలు ఊడ్సేది, సాయంత్రం లెక్క చెప్పేది, ఇంగ ఎన్నాళ్ళు అనిపిచ్చె. ఆ పొద్దు నువ్వు అడిగితివి, నోరు జారితి. జారినాంక నీకు కోపమొచ్చి, మండలికి కబురు పంపి, డబ్బాలు కోసుకుంటాంటే... ఏందిది, ఈ మనిషి బియ్యం డబ్బా కోసుకుంటాండాడు నా కోసరమని..."

ఆగింది. ముక్కు చీదుకుంది.

"చెంబు అడుగు తగిలింది నీకు వినపడిందని నాకు తెలుసు. నువ్వు అడగల్యా. అది మంచిగా చేసినావు." మళ్ళీ కాసేపు ఊపిరి. "పైలంగా పో నాయనా. ఏం, ఈ పక్కన తుమ్మ చెట్టు గురించి చెప్పినానా? దీన్ని నాటింది..."

తుమ్మ చెట్టు సంగతి పూర్తిగా విన్నాను. దాని తర్వాత వేప చెట్టు సంగతి కూడా. అప్పుడు మీట నొక్కాను.

"అక్కా, చేరినా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"మోటారు మోత ల్యాదే?"

"దిగినాక ఆపినా."

"సరే" అంది. ఆ తర్వాత ఆమె రేడియో కట్టేసింది.

చెట్లకు నీళ్ళు వదిలాను. ఎండిన మొక్కల లెక్క పెరిగింది. పలకల మీద ఇసుక మోకాలి దాకా ఉంది.

625

ఉదయం ఉత్తరం వరస, మధ్యాహ్నం దక్షిణం వరస ఊడ్చాను. మధ్యలో తీరిక చేసుకుని మోటారు తీగలు మళ్ళీ విప్పాను. రంపం మోటారు దగ్గర పుట్టి తీగల మీదుగా రేడియోకి వస్తోందనుకున్నాను ఇన్నాళ్ళూ. తీగలు విప్పి చూస్తే మోటారును నడిపే పెట్టె మూత కిందే ఒక అతుకు వదులై ఉంది. నిప్పురవ్వలు అక్కడే పుడుతున్నాయేమో. మూత మొత్తం రాగి వలతో చుట్టాలి. రాగి వల ఎక్కడ దొరుకుతుందో చూడాలి. పాత రేడియో స్తంభం ఒకటి గుట్ట వెనక కూలి ఉంది, రేపు అక్కడికి నడుస్తాను.

సాయంత్రం గోడ మీది పెట్టె ఆపేసి హంపక్కను పిలిచాను. ఇక రోజూ ఆపుతాను. ఆమె నీళ్ళ లెక్క చెప్పింది, ఈసారి కొత్త లెక్క. తొట్టి నిండి పొర్లిందట.

తీగలు విప్పానని చెప్పాను.

"మల్లా ఏంటికి విప్పినావు? నా పంపు బాగనే పోస్తాంది గదా."

"పంపు కోసరం గాదక్కా. మోటారు తిరుగుతాన్నెప్పుడు గూడా నువ్వు వినపడాల. ముక్కలు ముక్కలుగా కాకుండా."

అవతల ఆమె ఊపిరి తీసుకోవడం విన్నాను. ఏదో అడగబోయింది. నేను దిగి ఎంతసేపు ఊరుకున్నానో ఆమెకు అర్థమైందో లేదో నాకు తెలియదు. ఆమె అడగలేదు.

"ఎప్పుడొస్తావు?" అంది.

"గాలి రోంత తగ్గనీ. వచ్చేటప్పుడు ఏమన్నా తేవాల్నా?"

చాలాసేపు ఆలోచించింది. అడగడం అలవాటు లేని మనిషి.

"ఎండుమిరపకాయలు" అంది. "బాగా కారంగా ఉండేవి. రెండేండ్లాయ నేను నోరు మండేట్టు తిని."